తాపీ అక్క కట్టిన ఆసుపత్రి

ఆమెను పేటలో అందరూ తాపీ అక్క అనేవారు. చేతిలో ఎప్పుడూ తాపీ ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ఏ పనైనా తాపీగా చేస్తుంది కాబట్టి వచ్చిందని ఆమె భర్త అంటాడు. రెండూ నిజమే. ఇటుక మీద ఇటుక పెట్టేటప్పుడు ఆమె తొందరపడగా చూసినవాళ్ళు లేరు. అయినా సాయంత్రం పని దిగే వేళకు ఆమె లేపిన గోడ పక్కవాళ్ళ గోడకన్నా ఒక వరుస ఎక్కువే ఉండేది.

ఆమె పుట్టిందీ, మెట్టిందీ ఒకే చోట. నగరం మురుగునంతా మోసుకుపోయే పెద్ద కాలువకు అవతల ఉన్న పేట అది. తాతల కాలంలో చెత్త ఎత్తేవాళ్ళకూ, తోళ్ళు శుభ్రం చేసేవాళ్ళకూ, రాళ్ళు కొట్టేవాళ్ళకూ కాలువ ఇవతల ఇల్లు అద్దెకు ఇవ్వకూడదని ఒక నిబంధన ఉండేది. ఆ తర్వాత ఎవరో పుణ్యాత్ములు దాన్ని రద్దు చేశారు. పేట మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. బస్సు కాలువ మీది వంతెనకు ఇవతలే ఆగేది. బ్యాంకులో చిరునామా చూడగానే దరఖాస్తు పక్కకు వెళ్ళిపోయేది. కాలువ ఇవతల ఏటా కొత్త రోడ్లు పడుతుంటే, అవతల ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ కట్టడం రెండు గదుల బడి.

ఆమె తల్లి కట్టుబడి పనిలో సిమెంటు మాలు తట్టలు మోసేది. పదిహేనో ఏట కూతురూ తట్ట ఎత్తుకుంది. ఆడవాళ్ళు మొయ్యాలి, మగవాళ్ళు కట్టాలి అనేది ఎవరూ రాసిపెట్టకపోయినా అందరూ పాటించే రివాజు. అది తప్పింది ఆమె మేనమామ వల్ల. ఆయన చేయి తిరిగిన మేస్త్రి. ఒకసారి పరంజా మీదినుంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఒప్పుకున్న పని సగంలో ఉంది. ఇంకొకరికి అప్పగిస్తే మళ్ళీ తన చేతికి రాదు. అందుకని మేనకోడలి చేతికి తాపీ ఇచ్చి, తను ఒక రేకు డబ్బా బోర్లించుకుని కూర్చుని, ఎలా వెయ్యాలో చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఆమె వేసిన ప్లాస్టరింగ్ సగం కిందకు జారింది. నలభయ్యో రోజున ఆయన గోడకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి ఆ చివరిదాకా చూశాడు. కట్టు విప్పాక తాపీ తిరిగి అడగలేదు, కొత్తది కొనుక్కున్నాడు.

ఆపైన ముప్పై అయిదేళ్ళలో ఆమె కట్టని కట్టడం లేదు. కోర్టు మెట్లు ఆమెవే. బాలికల బడి పైఅంతస్తు ఆమెదే. వంతెన ఇవతలి బ్యాంకు ముందుభాగంలో గుండ్రటి స్తంభాలకు నునుపు తెచ్చిందీ ఆమే. అయితే కూలీ పట్టీలో మాత్రం ఎప్పుడూ 'సహాయకురాలు' అనే రాసేవారు. మేస్త్రి అని రాస్తే మేస్త్రి కూలి ఇవ్వాలి మరి.

భర్త రంగులు వేసేవాడు. నోటి దురుసు లేదు గానీ నోట్లోంచి వచ్చే ప్రతి మాటకూ చిన్న కొక్కెం ఉంటుంది. రంగుల వాసన పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే అతనికి ఊపిరి ఆడలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే, వంతెన దాకా తీసుకురండి, అవతలికి రాలేం, సందుల్లో బండి తిరగదు అన్నారు. కొడుకూ, ఆమే కలిసి ఇంటి తలుపును బందుల నుంచి ఊడదీసి, దాని మీద అతన్ని పడుకోబెట్టి, ఇరుగుపొరుగు తలో చెయ్యి వేస్తే వంతెన దాకా మోశారు. అతను బతికాడు. ఇంటికి వచ్చాక మొదట అన్న మాట, "తలుపు మళ్ళీ బిగించారా, దొంగలెవరైనా వచ్చిపోయారా?" అని. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. అలా తలుపుల మీద వంతెన దాటినవాళ్ళందరూ తిరిగి నడిచి రాలేదని ఆమెకు తెలుసు.

ఆ మరుసటి ఏడు ప్రభుత్వం ఒక నిధి ప్రకటించింది. తరతరాలుగా వెలివేసినట్టు వదిలేసిన పేటలకు తిరిగి పెట్టుబడి పెట్టడానికట. దాని తరఫున ఒక అధికారిణి బడికి వచ్చి సభ పెట్టింది. నలభై ఏళ్ళ మనిషి, గొంతు మెత్తన. ఆమె ఒక పాత నగర పటం తెచ్చి గోడకు తగిలించింది. కాలువ అవతలి భాగమంతా ఏటవాలు గీతలు కొట్టి ఉంది. ఆ గీతలకు అర్థం 'ఇక్కడ ఖర్చు చేయనవసరం లేదు' అని ఆమె దాచకుండా చెప్పింది. ఆ గీతలు ప్రభుత్వమే గీసింది గనక చెరపవలసింది కూడా ప్రభుత్వమే అంది. అలాంటి మాట ప్రభుత్వం నోటి నుంచి వినడం పేటకు అదే మొదలు. కొందరు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు.

ఏం కావాలో మీరే చెప్పండి అని అడిగితే, గంటసేపు వాదించుకున్నాక పేట ఒక మాట మీదికి వచ్చింది. ఆసుపత్రి. చిన్నదైనా సరే, రోజూ తెరిచి ఉండేది. అధికారిణి రాసుకుంటూ ఉండగా తాపీ అక్క లేచి నిలబడింది. సభల్లో మాట్లాడే అలవాటు లేని మనిషి.

"ఎవరు కడతారమ్మా?"

టెండరు పిలుస్తామని, ఎవరో ఒక కాంట్రాక్టరుకు వస్తుందని అధికారిణి చెప్పింది.

"ఈ నగరంలో సగం మేమే కట్టాం. మాది మేము కట్టుకోలేమా? ఆసుపత్రి ఇచ్చి కూలి డబ్బులు కాలువ దాటించి తీసుకుపోతే, మాకు పెట్టింది సగమే కదా."

అధికారిణి తన దగ్గరున్న పుస్తకం తిరగేసి, సగం మంది పనివాళ్ళు పేటవాళ్ళే అయి ఉండాలన్న నిబంధన ఉందని చదివి వినిపించింది. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. వాళ్ళకు నైపుణ్య ధ్రువపత్రం ఉండాలి. పేటలో చేతిలో పని ఉన్నవాళ్ళు వందమంది. చేతిలో కాగితం ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ కాగితం కోసం మూడు నెలల శిక్షణ, చివర్లో పరీక్ష. శిక్షణ కూడా నిధి నుంచే ఇస్తామన్నారు. ఇరవై ముగ్గురు పేర్లిచ్చారు. మొదటి పేరు తాపీ అక్కదే. గోడ కట్టే పరీక్షలో ఆమెను మించినవాళ్ళు లేరు. చిక్కంతా రాత పరీక్షతోనే. ఆమెకు అంకెలు వచ్చు, బోర్డులు చదవగలదు. పేరా కనబడితే మాత్రం అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. ఆమె కోడలు మందుల షాపులో పనిచేసేది. పని నుంచి వచ్చి వంటింట్లో కూర్చోబెట్టి అత్తకు పాఠం చెప్పేది. తప్పు చదివితే కోడలు నవ్వేది కాదు. ఆ బాధ్యత మామగారు తీసుకున్నాడు.

మొదటిసారి ఆమె తప్పింది. పందొమ్మిదిమంది గట్టెక్కారు. వాళ్ళలో ముగ్గురికి తాపీ పట్టడం నేర్పింది ఆమే. ఆమె ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు కడుపులో పెట్టుకుంది. మూడో రోజు పొద్దున కోడలు అడిగితే, "నాకెందుకు తల్లీ ఈ వయసులో చదువులు. తట్ట మోస్తాను, ఆ పనికి కాగితం అడగరుగా" అంది. ఆ మాటకు కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భర్త ఆ రోజు హాస్యమాడలేదు. మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

కోడలు ఊరుకునే రకం కాదు. మందు పెట్టెల మీద చీమ తలకాయంత అక్షరాలు చదవడమే ఆమె ఉద్యోగం. పరీక్ష నియమాల కాగితం ముందు నుంచి వెనకదాకా చదివింది. రాయలేనివాళ్ళు నోటితో జవాబులు చెప్పవచ్చని పదకొండో పేజీలో అడుగున ఉంది. ఆ సంగతి శిక్షణలో ఎవరూ వాళ్ళ చెవిన వెయ్యలేదు. కాగితం పట్టుకుని తిన్నగా అధికారిణి దగ్గరికి వెళ్ళింది. అధికారిణి చదివి, ఇది తన తప్పని ఒప్పుకుని, రెండో పరీక్షకు తేదీ వేయించింది.

ఈసారి ఎదురుగా కూర్చున్నది నెరిసిన మీసాల పరీక్షాధికారి. పుస్తకంలో ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఇటుకలు ఎంతసేపు నానబెట్టాలి అన్నాడు.

"బుడగలు ఆగేదాకా."

పుస్తకంలో గంటల లెక్క ఉంది. ఆయన కలం ఆపి, అదేమిటని అడిగాడు.

"ఒక్కో బట్టీ ఇటుక ఒక్కోలా తాగుతుంది సారూ. దాహం తీరినప్పుడు బుడగలు మానేస్తుంది. దాహం తీరకుండా గోడలో పెడితే మాలులో నీళ్ళు తాగేస్తుంది. అప్పుడు మాలు పొడిపొడి అయిపోతుంది."

ఆయన మరి పుస్తకం చూడలేదు. అరగంటపాటు ఇద్దరూ గోడల గురించీ, పగుళ్ళ గురించీ మాట్లాడుకున్నారు. బయటికి వచ్చాక కోడలు ఏమైందని అడిగితే, "ఏమో, ఆయన తన ఇంటి వంటగది గోడ ఎందుకు చెమరుస్తోందో అడిగాడు, చెప్పొచ్చాను" అంది. వారం తిరిగేసరికి ధ్రువపత్రం వచ్చింది. అందులో 'మేస్త్రి, మొదటి తరగతి' అని ఉంది. భర్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇకనుంచి ఇంట్లో కూడా మొదటి తరగతి కూలి అడుగుతుందేమో, కష్టమే అన్నాడు.

పని మొదలైంది. టెండరు దక్కిన కాంట్రాక్టరు మాటకు కట్టుబడే మనిషే. పేటవాళ్ళ పన్నెండుమంది జట్టుకు ఆమెను పెద్దగా పెట్టాడు. ప్రభుత్వం తరఫున చూసుకునే ఇంజనీరు కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. కాగితం మీద గీసింది గీసినట్టు నేల మీద కనబడాలనే పట్టుదల గలవాడు. పునాదులు తవ్వి, ఆసుపత్రి నేల ఎంత ఎత్తున వస్తుందో ఒక కొయ్య గుంజ మీద ఎర్రగీత పెట్టించాడు. తాపీ అక్క ఆ గీత దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత అతని దగ్గరికి వెళ్ళి, ఈ ఎత్తు చాలదు, వరద వస్తే నీళ్ళు లోపలికి వస్తాయి అని చెప్పింది.

ఇంజనీరు విసుక్కోలేదు. మంజూరైన నక్షా ఇది, మార్చాలంటే పైదాకా వెళ్ళాలి, వారాలు పడుతుంది అన్నాడు. అంత పెద్ద వరద ముప్పై ఏళ్ళకొకసారి వస్తుందేమో, అంతే అన్నాడు.

"నిజమే సారూ, ముప్పై ఏళ్ళకొకసారే వస్తుంది. వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది."

అతను నవ్వబోయి మానుకున్నాడు. ఆమె అతన్ని ఎదురుగా ఉన్న బడికి తీసుకువెళ్ళింది. ఆ వరదనాటికి ఆమె కొడుకు కడుపులో ఉన్నాడు. రెండు రోజులు బడి బెంచీల మీద బెంచీలు వేసుకుని పైన కూర్చున్నారు. నీళ్ళు తీసేశాక గోడకు నానిపోయినంత మేరా ప్లాస్టరింగ్ ఊడగొట్టి కొత్తగా వేశారు. వేసిన చెయ్యి ఆమెదే. పాతదీ కొత్తదీ కలిసిన చోటు కంటికి ఆనదు. ఎన్నిసార్లో సున్నం పడింది. అరచేత్తో తడిమి చూడమంది. ఇంజనీరు గోడ మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా పైకి జరిపాడు. ఛాతీ ఎత్తున అతని చెయ్యి ఆగింది. సన్నటి మిట్ట ఒకటి గోడ పొడవునా తగులుతూ పోయింది.

తర్వాత ఆమె జట్టు చేత నీళ్ళ గొట్టం తెప్పించింది. మేస్త్రీలు ఒకచోటి మట్టం ఇంకోచోటికి తీసుకుపోవడానికి వాడే పొడవాటి పారదర్శకపు గొట్టం. ఒక కొసను బడి కిటికీలోంచి ఆ మిట్ట దగ్గర పట్టించి, రెండో కొసను వీధి దాటించి పునాదుల దగ్గరి గుంజకు ఆనించింది. గొట్టంలో నీళ్ళు కాసేపు ఊగి నిలిచాయి. ఎర్రగీతకు మూరెడు పైన. ఇంజనీరు వంగి, కొలిచి, మళ్ళీ కొలిచాడు. ఆ రోజే పని ఆపించి పైఅధికారులకు ఉత్తరం రాశాడు.

పని ఆగడం అంటే జట్టుకు కూలి ఆగడం. రెండు వారాలు అందరూ ఓర్చుకున్నారు. మూడో వారానికి మాటలు మొదలయ్యాయి. పైగా నేల ఎత్తు పెంచాలంటే కావలసిన డబ్బు, వంతెన దగ్గర కట్టదలచిన స్వాగత తోరణంలోంచి తీస్తారని తెలిసింది. ఆ తోరణం మీద తన పేరు చెక్కించుకోవాలని పేట సంఘం పెద్దకు ఉంది. ఆయన ఒంటికాలి మీద లేచాడు. చేతికి కాగితం రాగానే తాపీ అక్కకు కొమ్ములొచ్చాయని, ఇంజనీరుకే పాఠాలు చెబుతోందని, వచ్చిన నిధి ఆమె తాపీతనం వల్ల వెనక్కి పోతుందని వీధి వీధికీ చెప్పాడు. జట్టులో ఇద్దరు విసిగి నగరంలో వేరే పని చూసుకున్నారు. అందులో ఒకామె తాపీ అక్కకు చిన్ననాటి స్నేహితురాలు, ఇద్దరూ ఒకే తట్ట పంచుకుని మోసిన రోజులున్నాయి. వెళ్ళేముందు ఆమె చెప్పి కూడా వెళ్ళలేదు. తిరిగి రానూ లేదు. అది ఇప్పటికీ తాపీ అక్కకు ముల్లులాగే ఉంది.

ఆ రోజుల్లో ఆమెకు అనుమానం రాకపోలేదు. నేను నోరు మూసుకుని ఉండాల్సిందేమో అని భర్తతో అంది. అతను, "నీళ్ళకు మొహమాటం ఉండదు కదా, నీకెందుకు" అన్నాడు.

అయిదు వారాలకు అనుమతి వచ్చింది. తోరణం పోయింది. నేల మూరన్నర పైకి లేచింది, మంచం దొర్లించుకుపోవడానికి వీలుగా పక్క నుంచి వాలు దారి కలిసింది. జట్టు రెట్టించిన పట్టుదలతో గోడలు లేపింది. పైకప్పు కూడా వేశారు. తలుపులు, కిటికీలు ఇంకా బిగించలేదు. అప్పుడు పట్టుకుంది వాన.

అది పాతనాటి అంత వరద కాదు. అయినా కాలువ పొంగి రెండు రోజులు పేట వీధుల్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. పల్లంలో ఇళ్ళున్నవాళ్ళు మూటలూ, పిల్లలూ ఎత్తుకుని ఇంకా సున్నమైనా పడని ఆసుపత్రికి వచ్చారు. దాదాపు అరవైమంది. మొన్ననే పురుడు పోసుకున్న ఒక తల్లి కూడా పసిగుడ్డుతో వచ్చింది. ఎర్రగీత ఉన్న ఎత్తును నీళ్ళు తాకాయి, దాటి జానెడు పైకి వచ్చాయి, కానీ గడప దాకా రాలేదు. లోపల నేల పొడిగా ఉంది. తాపీ అక్క మూలమూలా తిరిగి కిటికీ కంతలకు ప్లాస్టిక్ పట్టాలు కట్టించింది.

రెండో రోజు మధ్యాహ్నం సంఘం పెద్ద వచ్చాడు, ముసలి తల్లిని వీపున వేసుకుని. మెట్లెక్కి ఆమెను దింపి, గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. ఎదురుగా తాపీ అక్క కనబడింది.

"మెట్లు మరీ ఎక్కువ పెట్టించావమ్మా. అమ్మను మొయ్యలేక నా నడుము పోయింది."

"వాలు దారి ఉందిగా అన్నా, అటు రావలసింది," అని ఆమె ముసలావిడకు పొడిగుడ్డ తెచ్చి ఇచ్చింది. క్షమాపణ ఆయన అడగలేదు, ఆమె ఎదురుచూడనూ లేదు. మర్నాటి నుంచి వీధుల్లో ఆయన చెప్పే కథ మారింది. నేల ఎత్తు పెంచాలని మొదట తనకే తోచిందన్నట్టుగా మారింది. పోనీలే, నీళ్ళు రాలేదు అది చాలు అని ఆమె వదిలేసింది.

ఆసుపత్రి తెరిచిన రోజు పెద్దలు చాలామంది వచ్చారు. బయట పందిట్లో ప్రసంగాలు జరుగుతున్నాయి. అధికారిణి మాట్లాడుతూ తాపీ అక్క కోసం చుట్టూ చూసింది, కనబడలేదు. కోడలు వెతుక్కుంటూ లోపలికి వెళితే, రోగులు కూర్చునే గదిలో బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి గోడ చూస్తోంది.

"ఒంట్లో బాగాలేదా అత్తయ్యా? అందరూ నిన్నే అడుగుతున్నారు."

"బాగానే ఉంది. ఊరికే కూర్చున్నాను. ఇన్ని కట్టానా, అప్పగించిన మర్నాడు ఎక్కడా గుమ్మం లోపలికి రానిచ్చినవాళ్ళు లేరు. బ్యాంకు దగ్గరైతే కాపలావాడు చేత్తో పొమ్మన్నాడు, అప్పటికి గోడ తడి ఆరనే లేదు. కట్టిన దాంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని."

కోడలు పక్కన కూర్చుంది. బయట చప్పట్లు వినబడ్డాయి. ఇద్దరూ వెళ్ళలేదు. కాసేపటికి కొత్తగా వచ్చిన నర్సు తలుపు తీసి చూసి, ఎలాగూ ఖాళీగా ఉన్నారు కదా రండి అని ఇద్దరికీ రక్తపోటు చూసింది. తాపీ అక్కకు ఎక్కువే ఉంది. ఆసుపత్రి రోగుల పుస్తకంలో మొదటి పేరు అలా ఆమెదే పడింది. ఉప్పు తగ్గించమన్నారు. ఆ సంగతి తెలిశాక ఇంట్లో వంట చప్పబడిపోయిందని భర్త ఇప్పటికీ వచ్చినవాళ్ళందరితో చెప్పుకుంటాడు. అతనూ వారానికోసారి ఊపిరితిత్తులు చూపించుకోవడానికి అక్కడికే వెళతాడు, నడిచి.

అన్నీ కుదిరాయని చెప్పడానికి లేదు. డాక్టరు వారానికి అయిదు రోజులన్నారు, మూడు రోజులే వస్తున్నాడు. మిగతా రెండు రోజుల కోసం కోడలు అర్జీలు పెడుతూనే ఉంది. మందుల షాపు మానేసి ఆమె ఇప్పుడు ఆసుపత్రిలోనే మందులిచ్చే ఉద్యోగంలో చేరింది. బ్యాంకు ఇంకా పేట చిరునామా చూసి మొహం చాటేస్తూనే ఉంది. కానీ నిధి రెండో విడత వచ్చింది. ఈసారి వీధికి రెండు వైపులా మురుగు కాలవలు. ఆ పని పేట జట్టు తన పేరు మీదే తీసుకుంది. జట్టులో ఇప్పుడు పదహారుమంది, అందులో తాపీ పట్టిన ఆడవాళ్ళు ఆరుగురు.

మొన్న అటు వెళితే తాపీ అక్క వీధి మధ్యలో గొంతుక్కూర్చుని, కొత్తగా పోసిన కాలవలో చెంబుడు నీళ్ళు పోసి అవి ఎటు పోతున్నాయో చూస్తోంది. ఇంజనీరు గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నీళ్ళు సగం దూరం చక్కగా వెళ్ళి, ఒకచోట కొంచెం ఆగి ఆలోచించుకుని, మళ్ళీ కదిలాయి. అతను బాగానే ఉందన్నాడు. ఆమె ఆ ఆగిన చోట తాపీతో గీత గీసి, ఈ రెండు గజాలూ ఊడగొట్టి మళ్ళీ పోద్దాం సారూ అంది.